ఆదివారం ఖాళీ

ఎసరు తెర్లుతుండగా సుంకమ్మ బేసిన్‌లోని జొన్నపిండికి నడుమ గుంత చేసింది. కాగిన నీళ్లు ఆ గుంతలో పోసి గరిటె కాడతో కలియబెట్టి, వేడి తగ్గకముందే మణికట్టు బలమంతా పెట్టి పిండిని రుద్దసాగింది. జొన్నపిండి దగ్గర తాత్సారం పనికిరాదు. చల్లారిందంటే రొట్టె అంచులు పగులుతాయి. కల్లూరులో ఆమె రొట్టె అంచు పగిలిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

గడప దగ్గర నీడ పడింది. ఆమె మరిది బొజ్జన్న వచ్చి నిలబడ్డాడు. రెండిళ్లకూ నడుమ ఒక్కటే గోడ. బోరు గోడకు అవతల, అతని పెరట్లో ఉంది. దాని నుంచి ఒక పైపు గోడ దాటి సుంకమ్మ మిద్దె మీది తొట్టికి వస్తుంది.

"వదినా, ఒక మాట."

"కూర్చో అప్పా. రొట్టె పెడతా."

"కూర్చునే మాట కాదు. మిద్దె మీదోన్ని ఎప్పుడు పంపిస్తాండావు?"

సుంకమ్మ ముద్ద తీసి చెక్క మీద పెట్టి, రెండు చేతులతో తిప్పుతూ తట్టసాగింది. "ఏం చేసినాడప్పా ఆయప్ప?"

"ఏమన్నా చేసేదాకా ఉండల్లనా? సాయంత్రమైతే పైన నిలబడి ఫోన్లో మాట్లాడతాడు. నా పెరడంతా వాని కండ్ల ముందరే ఉంటాది. ఇంట్లో ఆడపిల్లలుండారు. వచ్చేపోయేవాళ్లంతా ఎవురప్పా ఆ నల్లోడు అని నన్నే అడుగుతాండారు."

"మనమేమన్నా పాలల్లో మునిగి లేసినామా బొజ్జన్నా? నీ చెయ్యి సూసుకో."

బొజ్జన్న నవ్వలేదు. "ఎగతాళి వద్దు. సోమవారం పొద్దునకి వాడు ఈడ కనపడకూడదు. కనపడితే నీ దిక్కు పైపు కోసేస్తా. అన్న పోయినాక నిన్ను ఏదీ అడగలేదు నేను. ఈ ఒక్కటి అడుగుతాండా."

తడుతున్న చేతులు ఆగాయి. మే నెల. వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో వదిలేవాడికే తెలియదు. వచ్చిన రోజు బిందెల వరుస మలుపు దాకా ఉంటుంది. పిండి పిసకాలన్నా, పెనం మీది రొట్టెకు తడిబట్ట రుద్దాలన్నా, సాయంత్రానికి బోకులు తోమాలన్నా, రొట్టెలమ్మి బతికే ఆమెకు ఆ పైపే దిక్కు.

"చెప్తాలే," అంది సుంకమ్మ.

"ఎప్పుడు?"

"ఆదివారం చెప్తా. పోయి పని సూసుకో."

అతను పోయాక చెక్క మీది రొట్టెను ఎత్తి చూసింది. అంచు పొడుగునా చీలింది. మళ్లీ ముద్ద చేసింది.

మిద్దె మీద అద్దెకు ఉండే అతని పేరు ఒకెల్లో. ఆఫ్రికాలోని ఉగాండా అనే దేశం వాడు. హైవే అవతల సోలారు ప్లాంటులో ఇంజనీరు. పోయిన దీపావళి ముందర ఎదురింటి షేర్ ఆటో రబ్బానీ వెంటబెట్టుకొచ్చి, "పెద్దమ్మా, మంచోడు, ఫుట్‌బాల్ శానా బాగా ఆడతాడు," అన్నాడు. ఫుట్‌బాలు బాగా ఆడితే మంచోడెట్లయితాడో సుంకమ్మకు అర్థం కాలేదు గానీ తాళం చేతికిచ్చింది. ఒకెల్లో అనే పేరు ఆమె నోట్లో రెండు రోజులు నలిగి మూడోనాటికి ఓబులేసు అయి కూర్చుంది. వీధి వీధంతా అదే ఖాయం చేసింది. పిలిస్తే అతనూ పలికేవాడు.

చీకటి పడేముందు ఓబులేసు వచ్చాడు. ఒక భుజాన చుట్టిన వల, చంకలో అట్టపెట్టె. ఈ శని, ఆదివారాల్లో వాళ్ల ఫుట్‌బాల్ జట్టు పెద్ద సందడే పెట్టుకుంది. శనివారం సాయంత్రం ఆదోని జట్టుతో ఆట. చీకటి పడ్డాక ఆట జరిగే బయల్లోనే సినిమా. ఆదివారం సాయంత్రం బ్యాండు మేళం. అన్నిటికీ ఉరుకులాడుతున్నది ఓబులేసూ, రబ్బానీ.

సుంకమ్మ మెట్ల కింద నిలబడింది. మాట మొదలుపెడదామని నోరు తెరిచింది. అతను ఎప్పటిలాగే, "అమ్మా, తింటివా?" అన్నాడు. అతనికి వచ్చిన కాస్త తెలుగులో అది ఒకటి. దాంతో ఆమె అనుకున్న మాట పక్కన పెట్టింది. ఇట్లా మెట్ల మీద నిలబెట్టి చెప్పే మాటా ఇది? ఆదివారం పిలిచి, సంగటి చేసి, కోడిపులుసు వండి, కడుపు నిండినాక నిమ్మళంగా చెబుదామనుకుంది. సంగటంటే అతనికి ప్రాణం. మా ఊళ్లో మా అమ్మ కూడా ఈ రాగులతోనే చేస్తుందని మొదటిసారి తిన్న రోజు రబ్బానీతో చెప్పించాడు. ఆదివారం ఏ పనీ పెట్టుకోకుండా ఉండమని చెబితే సరిపోతుంది.

"ఓబులేసూ," అంది. "ఆదివారం ఖాళీ చేసుకో నాయనా."

ఇంకా చెప్పబోతుంటే వాకిట్లో పక్కవీధి గిడ్డమ్మ కేకేసింది. "సుంకమ్మా, నా రొట్టెలు యాడ? మా ఇంటాయన ఆకలికి తలుపులు కొరుకుతాండాడు!"

ఆమె గిడ్డమ్మ వైపు తిరిగింది. ఓబులేసు చంకలోని అట్టపెట్టె కింద పెట్టి మళ్లీ ఎత్తుకున్నాడు. తర్వాత, "సరే అమ్మా," అని, వల జారకుండా భుజం మీదికి ఎగదోసుకుని మెల్లగా మెట్లెక్కాడు.

శనివారం సాయంత్రం రెండు జట్లకూ రొట్టెలు కావాలని రబ్బానీ ముందే చెప్పి ఉన్నందున సుంకమ్మ గంప ఎత్తుకుని బయలుకు పోయింది. నాపరాళ్ల పాలిష్ కార్ఖానాల వెనక ఉన్న ఆ నేల మీద తెల్లటి రాతిపొడి గాలికి లేస్తోంది. వెదురు బొంగులు పాతి గోలుపోస్టులు చేశారు. ఆట అంటే ఆమెకు తెలియదు. బంతి ఎటు పోతే అటు అందరూ ఉరకడం చూసి, తలా ఒక బంతి ఇస్తే గొడవే ఉండదు కదా అంది. పక్కన కూర్చున్న గిడ్డమ్మ పడిపడి నవ్వింది.

ఓబులేసు మాత్రం ఉరకడం లేదు. వెనక నిలబడి, ఆదోని పిల్లలు బంతి తెచ్చినప్పుడల్లా ఊరికే కాలు చాచి తీసుకుంటున్నాడు. పాడి బర్రె కాళ్ల మధ్య నుంచి దూడను పక్కకు లాగినట్టుంది ఆ పని. ఒకసారి అవతలివాడు అతన్ని తగులుకుని కింద పడ్డాడు. ఓబులేసు చెయ్యిచ్చి లేపి, వాడి మోకాలికి అంటిన రాతిపొడి దులిపాడు. గట్టు మీది నుంచి ఎవడో కోతి కూత కూశాడు. రబ్బానీ ఆ దిక్కుకు తిరిగి, "ఎవడ్రా అది? కిందికి దిగి ఆడి సూపించు, ఆడనుంచి అరిసేది కాదు!" అన్నాడు. ఓబులేసు ఆ వైపు చూడలేదు. వినబడనట్టు ఉండడం అతనికి బాగా చేతనైనట్టు కనిపించింది.

చివర్లో కల్లూరు జట్టే గెలిచింది. పిల్లలు "ఓబులేసూ, ఓబులేసూ" అని అరుస్తూ అతన్ని చుట్టుముట్టారు. సుంకమ్మకు తన బిడ్డ బడిలో ఫస్టు వచ్చినట్టనిపించి, పక్కవాళ్లు అడక్కపోయినా, "మా మిద్దె మీదోడే," అంది.

రొట్టెలు పంచుతుంటే రబ్బానీ గంప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చెమట తుడుచుకుంటూ, ఆమె మొహం చూడకుండా అడిగాడు.

"పెద్దమ్మా, ఓబులేసు నీకేం తక్కువ చేసినాడు?"

"అదేం మాటరా?"

"మరి ఇల్లు ఖాళీ చేయమంటివంటనే. ఆదివారానికి. నిన్న మెట్ల కాడ చెప్పితివంట."

సుంకమ్మ చేతిలోని రొట్టె గంపలోకి జారింది. "నేనా? నేనట్ల అనలేదే..."

"ఖాళీ చెయ్యమనలేదా నీవు?"

"ఖాళీ చేసుకో అన్యా..." అని ఆగిపోయింది.

"అదే కదా నేనంటాండేది." రబ్బానీ గొంతు తగ్గించాడు. "వాడు ఈ ఊర్లో ముందుగాల నేర్చిన తెలుగు మాట అదే పెద్దమ్మా. నీ దగ్గరికి రాకముందు ఉన్న ఇండ్లన్నిటిలో ఆ మాటే విన్నాడు. కారణం అడగల్లంటే కూడా వానికి తెలుగు రాదు. ఇప్పుడింక అడిగేదే మానేసినాడు. ఈ రాత్రికి సామాను కట్టుకుంటాడంట. రేపు మేళం అయినాక ప్లాంటుకు పోయి కంటైనర్లో పండుకుంటాడంట. రేకు డబ్బా అది. ఈ ఎండల్లో మనం అండ్ల మేకను కూడా కట్టెయ్యం."

ఒక్క మాట చాలు. అది కాదురా రబ్బానీ, పని లేకుండా చేసుకోమన్యా అంటే అయిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ దాని వెనకాలే ఇంకో ఆలోచన వచ్చి ముందు నిలబడింది. అతను తనంతట తానే పోతున్నాడు. తను నోరు తెరిచి పొమ్మనాల్సిన పని లేదు. పైపు ఉంటుంది. అతనికి కోపం కూడా లేదు.

"నీళ్లియ్యి ముందు వాళ్లకి," అంది రబ్బానీతో. "గొంతుకు అడ్డం పడతాది."

చీకటి పడ్డాక అదే బయల్లో జనం చాపలు పరుచుకున్నారు. తెర కోసం రబ్బానీవాళ్లు ఏదో సభకు కట్టిన పాత ఫ్లెక్సీ తెచ్చి వెనక్కి తిప్పి కట్టారు. బొమ్మ పడ్డప్పుడల్లా తెర వెనక నుంచి ఎవరో నాయకుడు చేతులు జోడించి లీలగా కనబడుతున్నాడు. హీరోయిన్ ఏడ్చినా నమస్కారమే, విలన్ కొట్టినా నమస్కారమే. జనం కథ వదిలేసి దానికే నవ్వుతున్నారు. ఓబులేసు ప్లాంటు నుంచి తెచ్చిన బ్యాటరీ దగ్గర కూర్చుని, వైర్ల మీద ఎవరూ కాలు వేయకుండా చూస్తున్నాడు. ఆ వెలుగులో అతని మొహం ఒక పక్కే కనబడుతోంది. జనం నవ్వితే అతనూ నవ్వుతున్నాడు, దేనికో తెలియకపోయినా.

బొజ్జన్న వచ్చి సుంకమ్మ చాప అంచున కూర్చున్నాడు. శెనక్కాయల పొట్లం ముందు పెట్టాడు.

"చెప్పితివా వదినా?"

ఆమె తెర వైపే చూస్తూ, "అయిపోయిందిలే. రేపు పోతాండాడు," అంది.

"గొడవేమన్నా చేసినాడా?"

"లేదు."

"చేయడులే. నెమ్మదస్తుడే." ఈసారి బొజ్జన్న గొంతులో నిజంగానే మెత్తదనం ఉంది. "నాకు మాత్రం వాని మీద పగేమన్నా ఉండాదా వదినా? రేపట్నుంచి నీ దిక్కు రెండు పూటలా నీళ్లు వదులుతా. రొట్టెలకి ఇబ్బంది ఉండదు."

శెనక్కాయలు వలిచి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుంది గానీ తినకుండా మళ్లీ పొట్లంలోనే పోసింది.

ఆదివారం పొద్దున మిద్దె మీద గరగరమని చప్పుడు. సుంకమ్మ పైకి పోయి చూస్తే ఓబులేసు నీళ్ల తొట్టిలో దిగి ఉన్నాడు. అడుగున మిగిలిన నీళ్లు తూము విప్పి వదిలేసి, కొబ్బరి పీచుతో గోడల పాచి రుద్దుతున్నాడు. అతని గది తలుపు తెరిచి ఉంది. నేల కడిగి ఆరబెట్టాడు. గోడకు కొట్టిన మేకులు పీకి ఆ చిల్లుల్లో సున్నం పూశాడు. రెండు సంచులు, చుట్టిన పరుపు, తాగేనీళ్ల క్యాను మెట్ల పక్కన పెట్టాడు. గదిలో అతను ఉన్న గుర్తు ఒక్కటీ మిగల్లేదు.

"ఎందుకు నాయనా ఇదంతా?"

అతను తొట్టిలోంచి తల ఎత్తి, "పాచి," అన్నాడు. తర్వాత ఇంకో మాట కోసం వెతికి, దొరక్క నవ్వాడు.

ఆమె కిందికి దిగి కోడి తెచ్చింది. ఎందుకు తెస్తున్నదో తనకే తెలియదు. ఉల్లిగడ్డ, ఎండుకొబ్బరి, గసాలు రోట్లో వేసి నూరింది. పులుసు పొయ్యి మీద పెట్టి, ఇంకో పొయ్యి మీద నూకలు ఉడికించి రాగిపిండి పోసి, తెడ్డుతో గెలికి గెలికి సంగటి చేసింది. ముద్దలు చేస్తుంటే వేలు కాలింది. మధ్యాహ్నం ఓబులేసు తల తడుపుకుని కిందికి దిగాడు. కోడిపులుసు వాసన వాకిట దాకా వస్తోంది. అతను గడప ముందర ఒక్క క్షణం ఆగాడు. పిలిస్తే కూర్చుంటాడు. కూర్చుంటే మాట్లాడాలి. మాట్లాడితే ఏ మాట చెప్పాలి? సుంకమ్మ పొయ్యి వైపు తిరిగి, మండుతున్న కట్టెనే మళ్లీ ఎగదోసింది. వెనక్కి తిరిగేసరికి అతను రబ్బానీ ఆటో ఎక్కి పోయాడు. ముద్దల మీద పళ్లెం మూత పెట్టింది. తనూ తినలేదు.

మూఢం వచ్చి పెండ్లిళ్లు లేకపోవడంతో రబ్బానీ చిన్నాయన అబ్దుల్ కరీం బ్యాండు మేళం ఊరికే కూర్చుని ఉంది. ఆ సాయంత్రం వాళ్లు ఎర్ర కోట్లు తొడుక్కుని బయలుకు వచ్చారు. కరీం క్లారినెట్ ఊదుతుంటే ముసలివాళ్లు కూడా కూర్చున్నచోటే తలలు ఊపారు. ఓబులేసు పెద్ద డోలు అడిగి భుజానికి తగిలించుకున్నాడు. మొదట కరీం దెబ్బకు తన దెబ్బ కలిపాడు. తర్వాత తన ఊరి దెబ్బ ఏదో వేశాడు. కరీం ఊదడం ఆపి, చెవి ఒగ్గి విని, "అరె వాహ్, ఇదేం నడకయ్యా!" అని మళ్లీ అందుకున్నాడు. పిల్లలు ఎగిరారు. గిడ్డమ్మ కొంగు నడుముకు దోపి లేచి నాలుగడుగులు వేసింది. వాళ్ల ఇంటాయన తల దించుకుని నవ్వుకున్నాడు.

మేళం ఆగాక రబ్బానీ మైకు తీసుకుని, "ఓబులేసు రెండు మాటలు సెప్తాడంట," అన్నాడు. ఓబులేసు ఇంగ్లీషూ ఉర్దూ కలిపి మాట్లాడుతుంటే రబ్బానీ తెలుగు చేశాడు. జట్టుకు షుక్రియా. కరీం చిన్నాయనకు షుక్రియా. తర్వాత ఓబులేసు జనంలో వెతికి సుంకమ్మ వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. రబ్బానీ ఆగిపోయాడు. ఓబులేసు మళ్లీ అన్నాడు. రబ్బానీ మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"మా ఇంటి ఓనరమ్మకి మొక్కుతా అంటాండాడు. ఇంతకు ముందు ఇండ్లల్లో పొద్దున చెప్పి సాయంత్రానికి సామాన్లు రోడ్డు మీద పెట్టిరంట. ఈయమ్మ ముందుగానే చెప్పిందంట. నాయనా అని పిలిచి చెప్పిందంట. అట్ల చెప్పినోళ్లు ఎవురూ లేరంట. మరిచిపోనంటాండాడు."

జనం చప్పట్లు కొట్టారు. ఓబులేసు రెండు చేతులు ఎత్తి జోడించాడు. గిడ్డమ్మ మాత్రం చప్పట్లు కొట్టకుండా సుంకమ్మ వైపు తిరిగి చూసింది.

సుంకమ్మ లేచింది. చెప్పులు చాప దగ్గరే ఉండిపోయాయి. రాతిపొడిలో వట్టికాళ్లతో నడుచుకుంటూ మైకు దగ్గరికి పోయింది. మైకు ముందర ఆమె ఎప్పుడూ నిలబడింది లేదు. దాన్ని చేత్తో పక్కకు నెట్టింది.

"రబ్బానీ, వానికి చెప్పు. ఇల్లు ఖాళీ చేయమనలేదు నేను. ఖాళీ చేసుకో అన్యా. పని పెట్టుకోకుండా ఉండమన్యా. సంగటి తినేకి రమ్మనల్లని."

రబ్బానీ కళ్లు పెద్దవయ్యాయి. గబగబా ఓబులేసుకు చెప్పాడు. ఓబులేసు నుదురు ముడిచి విన్నాడు. నవ్వాలో వద్దో తెలియనట్టు అతని పెదవులు కదిలాయి. "పోవద్దు?" అన్నాడు.

"పోవద్దు నాయనా."

"అదేంది వదినా!" జనంలోంచి బొజ్జన్న ముందుకొచ్చాడు. మొహం కందిపోయి ఉంది. "ఆదివారం చెప్తానని నాకు మాటియ్యలేదా నీవు? రాత్రి సినిమా కాడ అయిపోయిందిలే, పోతాండాడు అనలేదా? ఇప్పుడు ఇంతమందిలో నన్ను చెడ్డోన్ని చేసి నీవు మంచిదానివి అయితాండావా?"

బ్యాండువాళ్లలో ఒకడు చేతిలోని బూర కిందికి దించాడు. బొజ్జన్న అన్నదాంట్లో అబద్ధం లేదు. ఓబులేసు బొజ్జన్నను, ఆమెను, రబ్బానీని మార్చి మార్చి చూస్తున్నాడు. రబ్బానీ నేల చూపులు చూస్తూ, "వదిలెయ్యి పెద్దమ్మా. అది నేను చెప్పన్లే వానికి," అన్నాడు.

"చెప్పు," అంది సుంకమ్మ. "ఉన్నదున్నట్లు చెప్పు. పొమ్మని చెప్పేకే పిలుద్దామనుకొంటి. కడుపుకింత పెట్టి చెప్దామనుకొంటి. మాట తప్పుగా ఇన్నాడని నిన్ననే తెలిసింది నాకు. తెలిసి కూడా నోరు మూసుకొంటి. నీళ్లకి భయపడితి. అంతా చెప్పు."

రబ్బానీ చెప్పాడు. చిన్నగా, ఆగి ఆగి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఓబులేసు సుంకమ్మ మొహం మీది నుంచి చూపు తిప్పలేదు. ఆమె కూడా తిప్పుకోలేదు.

"బొజ్జన్నా," అంది ఆమె. "నీకిచ్చిన మాట తప్పితి. నీది తప్పు లేదులే అని మాత్రం అనను. పైపు కోసుకో."

బొజ్జన్న ఏదో అనబోయి, చుట్టూ చూసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని జనంలోంచి పక్కకు తప్పుకుని పోయాడు. కరీం మేళానికి సైగ చేశాడు. అయినా ఎవరూ వాయించలేదు. అందరూ ఓబులేసునే చూస్తున్నారు. అతను భుజాన ఉన్న డోలు తీసి నిదానంగా కింద పెట్టాడు. దాని తాళ్లు సర్ది, నిలబడి, ఆలోచించాడు. సుంకమ్మకు ఆ కాసేపు ఎండాకాలమంత పొడుగనిపించింది. పోతానంటే అడ్డం నిలబడే మొహం కూడా తనకు లేదు.

"అమ్మా," అన్నాడు చివరికి. ఒక్కొక్క మాటే ఏరుకుంటూ, "సంగటి... ఉండాదా?"

గిడ్డమ్మ కిసుక్కున నవ్వి వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఉండాది నాయనా," అంది సుంకమ్మ. "గట్టిపడింటాది."

అది అతనికి అర్థం కాలేదు. రబ్బానీ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, పద అన్నట్టు తల ఊపాడు.

వెనక క్లారినెట్ మళ్లీ మొదలైంది. ఇంటికి పోయేసరికి గోడ అవతల దీపం వెలుగుతోంది గానీ మోటారు చప్పుడు లేదు. సుంకమ్మ వంటింట్లోనే పీట వేసి, పులుసు వెచ్చబెట్టి, రెండు పళ్లేలు దించింది. ఓబులేసు చేతులు కడుక్కోవడానికి కొళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. పొద్దున పాచి రుద్దిన తొట్టిలోకి సాయంత్రం వదలాల్సిన నీళ్లు ఎక్కలేదు. ఇంక ఎక్కవు.

అతను కొళాయిని, ఆమెను చూశాడు. మెట్ల దగ్గరికి పోయి, కట్టిపెట్టిన సంచుల పక్కన ఉన్న తాగేనీళ్ల క్యాను ఎత్తుకుని వచ్చాడు. చెంబులోకి వంచి, ముందు ఆమె వైపు చాపాడు.

సుంకమ్మ దోసిలి పట్టింది. ఓబులేసు నీళ్లు పోశాడు.